కోవెల వైపు వింగ్

మా తమ్ముడు అప్పలస్వామి ఇంగ్లండు నుంచి ఈ మలాయ్ దేశానికి వచ్చి క్లాంగ్‌లో మా ఇంట్లో దిగిన మర్నాడు పొద్దున్నే మా మనవరాలు కవిత ఫోను పట్టుకొని నా పక్కన చేరింది. ఆ పిల్ల సైబర్‌జయలో కంప్యూటరు ఉద్యోగం చేస్తుంది. తెలుగు అర్థమవుతుంది గాని నోరు సరిగా తిరగదు, మాట చివర ఇక్కడివాళ్ళలా 'లా' తగిలిస్తుంది. "తాతా, చిన్నతాత పేరు కొట్టినాను, వచ్చేసినాది లా. ఇదిగో చూడు," అంది. చూశాను. ఎవరో పనీపాటా లేని అభిమాని ఇంగ్లండులో చిన్న ఫుట్‌బాలు క్లబ్బులకు ఆడినవాళ్ళందరినీ ఒకచోట చేర్చినట్టున్నాడు. అందులో మావాడి బొమ్మ కూడా ఉంది. చెవులు కప్పేసిన జుట్టు, మోకాళ్ళ దాకా బురద, చలికి ముడుచుకుపోయిన భుజాలు. కింద క్లబ్బుల పేర్లు ఒకదాని కింద ఒకటి, ఒక్కోదాని పక్కన రెండేళ్ళు, ఏడాది, కొన్నిచోట్ల ఏడాది కూడా లేదు. 'రైట్ వింగర్' అని రాసి ఉంది. "నా పేరు కూడా కొట్టమ్మా," అన్నాను, ఏదో మాటవరసకన్నట్టు. సింహాచలం అని కొట్టింది. కొండ వచ్చింది, కొండ మీద గుడి వచ్చింది, ఆ గుడికి వెళ్ళే బస్సులు వచ్చాయి. నేను రాలేదు.

దాపరికం ఎందుకు, నాకు మా తమ్ముడంటే కుళ్ళు. ఈ మధ్య మొదలైంది కాదు, బుద్ధి తెలిసినప్పటి నుంచీ ఉన్నదే. మన తెలుగు సంఘం సంచికలో అన్నదమ్ముల అనుబంధం గురించి రాసినవాడిని నేనే. చదివినవాళ్ళు కళ్ళు తుడుచుకున్నామని ఫోన్లు చేశారు. ఆ వ్యాసం రాస్తున్నప్పుడు కూడా లోపల కడుపు రగులుతూనే ఉంది. వాడు మంచివాడు, అదొక బాధ. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకునేవాణ్ణి. వాడు సంచీలోంచి నాకోసం ఉన్ని స్వెట్టరు తీసి ఇచ్చాడు, ఈ ఎండల దేశంలో. అది చేత్తో పట్టుకుంటే, ఆ ఉన్ని వాసనకి, నాకు ఎందుకో మా తోటలో పొగ ఇల్లు గుర్తుకొచ్చింది.

మా తోట తెలుక్ ఇంటాన్‌కి పైన, నది మలుపు దాటాక ఉండేది. అప్పట్లో అంతా రబ్బరు. తెల్లవారకముందే పెరట్టు, అంటే హాజరు పిలుపు. అయ్య, అమ్మ చీకట్లో నెత్తికి దీపం కట్టుకుని చెట్లు గీయడానికి పోయేవారు. మమ్మల్ని లేపి, మొహం కడిగించి, చద్దన్నంలో ఉల్లిపాయ నలిపి పెట్టేది మామ్మ. పొయ్యి మీద కాల్చిన ఎండుచేప వాసన, అయ్య తిరిగొచ్చాక చొక్కా నుంచి పుల్లటి రబ్బరు పాల వాసన, మధ్యాహ్నం పొగ ఇంట్లో రబ్బరు షీట్లు పొగబెడుతుంటే కూలీల ఇళ్ళ వరసలు, మా లైన్లన్నీ, కమ్మేసే ఆ కమురు వాసన, ఇవి లేని రోజు నాకు జ్ఞాపకం లేదు. మామ్మకి అడ్డపొగ అలవాటు. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని చుట్ట కాలుస్తూనే కూర తరిగేది, మమ్మల్ని తిట్టేది, మంత్రసానితో కబుర్లాడేది. సముద్రం దాటి వచ్చిన ఓడలో కూడా చుట్ట ఆపలేదని అయ్య చెప్పేవాడు. ఆమె చుట్ట పక్కన పెట్టేది ఒక్కచోటే, రాములోరి కోవెల గడప దగ్గర.

కోవెలలో సాయంత్రం దీపం మామ్మదే. పూజారి శనివారం భజనకి మాత్రమే పట్నం నుంచి వచ్చేవాడు, మిగతా రోజుల్లో ఒత్తి చేసేదీ, నూనె పోసేదీ, వెలిగించేదీ ఆమె. స్నానం చేసి, తడి జుట్టు ముడేసుకుని వెళ్ళేది. వెళ్ళినామె తిరిగి వచ్చేటప్పుడు వెనక్కి నడిచేది. రాములోరికి వీపు చూపించకూడదట. రెండు చేతులూ జోడించి, ఆయన మొహమే చూస్తూ, కాలి మడమతో గడప ఎక్కడుందో తడుముకుంటూ వెనక్కి వెనక్కి వచ్చి మెట్టు దిగేది. మేం పిల్లలం నవ్వేవాళ్ళం. ఒకసారి నేను ప్రసాదం అందుకుని గిరుక్కున తిరిగి పరిగెత్తాను. బయట పట్టుకుని చెవి మెలిపెట్టింది. "ఆయనకి ఈపు సూపించి ఎల్తావేట్రా, గుంటడా? నీకు కూడు పెట్టీది ఎవులనుకున్నావు?" అంది. ఆ చెవి రెండు రోజులు ఎర్రగా ఉంది. ఆ తర్వాత నేనూ వెనక్కే నడిచాను, ఈనాటికీ అంతే.

కోవెల ఎదుటే మైదానం. తోటలో తెలుగువాళ్ళూ తమిళులూ కలిసిన టీము. దానికి కెప్టెన్ మా సూరిమావ, అమ్మ తమ్ముడు, ఫ్యాక్టరీలో మండోరు, అంటే మేస్త్రీ. మావలో ఉన్న పంతం ఎవరిలోనూ చూడలేదు. మా తోటకి ఎవరొచ్చి ఆడినా ముందు ఎటు కొట్టాలో మా ఇష్టం, అది ఆ చుట్టుపక్కల తోటల మర్యాద. మైదానం ఫ్యాక్టరీ వైపు కొంచెం పల్లం. మావ ఎప్పుడూ ముందు పల్లానికే కొట్టించేవాడు. కాళ్ళలో ఊపు ఉండగానే గోల్స్ కొట్టేసి, తర్వాత ఎదురు మిట్టలో ఉన్నది కాచుకోవాలని ఆయన లెక్క. అలా పల్లానికి ఆడితే కుడి వింగు, అంటే మైదానం కుడి అంచు, కోవెల పక్కకి వస్తుంది, ఎడమ వింగు కాలువ పక్కకి పోతుంది. కుడి వింగు మా తమ్ముడిది. నాది ఎడమ కాలి వాటం, కాబట్టి కాలువ నాది.

జనమంతా కోవెల పక్కనే కూర్చునేవారు. అటువైపే నీడ, అటువైపే వేరుసెనక్కాయలమ్మే ముసలి చెట్టియారు. మామ్మ బోర్లించిన పాలబకెట్టు మీద కూర్చుని, అడ్డపొగ పీలుస్తూ, పక్కవాళ్ళతో కబుర్లు చెబుతూ ఆట చూసేది. తమ్ముడు ఆమె ముందునుంచే తల వంచుకుని దూసుకుపోయేవాడు. వాడి పరుగు చూస్తే నాకే ముచ్చటేసేది, ముచ్చటతో పాటే మంటా పుట్టేది. నేను ఆవలి పక్క కాలువ ఒడ్డున దోమలతో పోరాడుతూ, ఇటెవరైనా ఓ పాసు ఇస్తారేమోనని చేతులూపుతూ నిలబడేవాణ్ణి. ఆట సగమయ్యాక పక్కలు మారతాయి. అప్పుడు కోవెల వైపు వింగు నాదవుతుంది. సరిగ్గా అప్పుడే మామ్మ లేచి, బకెట్టు చంకన పెట్టుకుని, దీపం వేళయిందని వెళ్ళిపోయేది. ఒక్క ఆదివారం కూడా తప్పలేదు. నా సగంలో ఎదురు మిట్ట, మసక చీకటి, ఎక్కువసేపు వెనక్కొచ్చి కాచుకోవడమే. నేను కోవెల ముందు ఎంత చక్కగా బంతి లాక్కుపోయినా చూడాల్సిన మనిషి లోపల ఒత్తి సరిచేస్తూ ఉండేది.

మావని బతిమాలాను. "మావా, ఒక్కసారి మిట్టకి ఆడదాం మొదట," అన్నాను. "ఎందుకురా?" అన్నాడు. ఎందుకో చెప్పలేకపోయాను. మీసాలు వస్తున్నవాణ్ణి, మా మామ్మ నన్ను చూడాలి అని ఎలా చెప్పను? "ఊరికే," అన్నాను. "ఊరికే ఆడీవోలు మన టీములో నేరు," అని పోయాడు. ఇంటికొచ్చేసరికి మామ్మ వేణ్ణీళ్ళు కాచి, నువ్వులనూనె వెచ్చచేసి ఉంచేది. చిన్నవాడని ముందు వాడి కాళ్ళే పట్టేది. "సిన్నోడు ఏటి పరిగెత్తినాడు, ఏటి పరిగెత్తినాడు," అని ఒకటే పాట. తర్వాత నా పిక్కలకి నూనె రాసేది గట్టిగా, ఎముక దొరికేలా, ఏమీ మాట్లాడకుండా. నేను ఒకసారి ఉండబట్టలేక, "నా ఆట నువ్వెప్పుడూ చూడవు మామ్మా," అన్నాను. రాస్తున్న చెయ్యి ఆగింది. "దీపం ఎవులు పెడతారు, నీ అత్తా?" అంది. అంతే.

తర్వాత వాడు ఇంగ్లండు పోయాడు. ఫుట్‌బాలుకు కాదు, నర్సు చదువుకి. ఆ రోజుల్లో మన పిల్లలు చాలామంది అలాగే వెళ్ళారు, అక్కడి ఆసుపత్రులకి మనుషులు దొరక్క పిలిచి మరీ తీసుకునేవారు. నేనూ అప్లికేషన్ పెట్టాను, వాడికి పిలుపు వచ్చింది, నాకు రాలేదు. అక్కడ వాడు ఆసుపత్రి టీములో ఆడుతుంటే ఎవరో చూసి నాలుగో డివిజన్ క్లబ్బుకి తీసుకెళ్ళారట. ఆ కబురు వచ్చిన రోజు మామ్మ కోవెలలో కొబ్బరికాయ కొట్టింది, లైన్లన్నిటికీ పానకం పంచింది. పంచే చెంబు నా చేతికే ఇచ్చింది. ప్రతి గుమ్మం ముందూ నిలబడి మా తమ్ముడు, మా తమ్ముడు అని చెప్పుకుంటూ పానకం పోశాను. మిరియాల ఘాటు కళ్ళకెక్కిందని అందరికీ చెప్పాను.

అప్పుడే తోట క్లబ్బులోకి టీవీ వచ్చింది, నలుపు తెలుపుది. వారానికోసారి ఇంగ్లండు ఆట వేసేవారు. మామ్మ ముందు వరసలో చాప వేసుకునేది. ఓరోజు కుడి పక్కన నల్లటి కుర్రాడొకడు తల వంచుకుని దూసుకుపోయాడు. "అడుగో మనోడు," అంది మామ్మ. చాపలన్నీ లేచాయి. నిజమే అన్నారు కొందరు, జుట్టు పెంచాడన్నారు కొందరు, అక్కడ తిండి బాగుందిలే ఒళ్ళు చేశాడన్నారు ఇంకొందరు. అతనెవరో మొదటి డివిజన్ ఆటగాడు, మావాడికి ఎలాంటి చుట్టరికమూ లేదు. నేను పేపర్లో చీమతలకాయలంత అక్షరాల్లో నాలుగో డివిజన్ ఫలితాలు వెతుక్కుని చదివేవాణ్ణి, నాకు తెలుసు. "మామ్మా, వీడు మనవాడు కాదు. మనవాడి ఆటలు టీవీలో వెయ్యరు," అన్నాను. క్లబ్బంతా నా వైపు తిరిగింది. సూరిమావ నా భుజం మీద చెయ్యేసి మెల్లిగా, "తమ్ముడు గొప్పోడైతే అంత ఓర్సుకోలేకపోతే ఎలారా?" అన్నాడు. నేను చెప్పింది నిజం. ఆయన అన్నదీ నిజమే.

ఇక ప్రతివారం అదే తంతు. ఆట అయిపోగానే మామ్మ కొంగులోంచి ఉప్పూ మిరపకాయలూ తీసి టీవీ చుట్టూ తిప్పి దిష్టి తీసేది. వాచ్‌మన్ టీవీ పాడవుతుందని గొణిగేవాడు. ఎక్కడో పుట్టి, ఎక్కడో ఆడుకుంటున్న ఆ పరాయి కుర్రాడికి కూడా దిష్టి తగలకుండా మా మామ్మ కాపలా కాసింది. ఆదివారం నేను అదే మైదానంలో ఆడి, మోకాలు చీరుకుని ఇంటికొస్తే పసుపు అద్ది, "టీవీలో సిన్నోణ్ణి సూసినావా?" అని అడిగేది. మా తమ్ముడి మీదున్న కుళ్ళు చాలక నాకు ఆ టీవీలో మనిషి మీద కూడా కుళ్ళు పుట్టింది. అలా చూస్తూ చూస్తూనే మామ్మ పోయింది. వాడు రాలేకపోయాడు. పాడె నేను మోశాను.

మొన్న భోజనాల దగ్గర కవిత అడిగితే వాడు తన ఆట సంగతులన్నీ చెప్పాడు. బొగ్గు గనుల ఊళ్ళో రెండేళ్ళు, చేపల రేవులో ఏడాది, బూట్ల ఫ్యాక్టరీ ఊళ్ళో సగం ఏడాది. వేసవి వచ్చేసరికి మేనేజరు గదిలోకి పిలిచి, వచ్చే ఏడాదికి నువ్వు అక్కర్లేదు అనేవాడట. మళ్ళీ పెట్టె సర్దుకోవడం, ఇంకో ఊరు, ఇంకో ఆసుపత్రిలో డ్యూటీ, ఇంకో గడ్డకట్టిన మైదానం. నల్లవాడని జనం అరటితొక్కలు విసిరేవారట, ఎదుటి టీము బ్యాకులు బంతి వదిలేసి కాళ్ళే తన్నేవారట. "వింగు మీద ఆడితే అన్నీ సెవిలో పడతాయే తల్లీ. జనానికి దగ్గర కదా," అని నవ్వాడు. కవిత కళ్ళు పెద్దవి చేసుకుని వింటోంది. వాడి తెలుగు చూడండి, మామ్మ దగ్గర వదిలినది వదిలినట్టే ఉంది. అక్కడ మాట్లాడేవాళ్ళు లేక అరగలేదు. మాది ఇక్కడ మలాయ్, తమిళం కలిసి కలగాపులగమైంది. అదీ వాడికే మిగిలింది. ఇంకో మాట కూడా చెప్పేస్తాను. వాడు పడ్డ అవమానాలు వింటుంటే కూడా, వీడి కష్టాలు నా కష్టాలకంటే ఎంత బాగున్నాయి, మనుషులు కూర్చుని వినేలా ఉన్నాయి అనిపించింది. నేను క్లాంగ్‌లో చేతితొడుగుల ఫ్యాక్టరీలో ముప్పయ్యేళ్ళు పైగా చేశాను, దాని గురించి ఎవరూ అడగరు.

టీవీ సంగతి వాడికి ఆరోజే చెప్పాను. పడీపడీ నవ్వాడు. నవ్వి, నీళ్ళు తాగి, "అయితే ఆ దిష్టంతా ఆడికే తీసిందన్నమాట, మామ్మ," అన్నాడు. ఆ మాట అన్నప్పుడు వాడి మొహంలో ఒక రంగు చూశాను. ఆ రంగు నాకు బాగా తెలిసినదే. అద్దంలో ఎన్నిసార్లు చూసుకున్నానో. "తోటకి తీసికెల్లు అన్నియ్యా, ఓపాలి సూడాలి," అన్నాడు.

ఆదివారం కవిత కారు నడిపింది. తెలుక్ ఇంటాన్‌లో ఆగి పరోటాలాంటి రొట్టె చనాయ్ తిన్నాం. ఇద్దరం డాక్టరు వద్దన్నవన్నీ తిన్నాం. తోటలో రబ్బరు పోయి ఎప్పుడో పామాయిలు వచ్చింది. లైన్లు లేవు, క్లబ్బు లేదు, ఫ్యాక్టరీ గోడ ఒక్కటి నిలబడి ఉంది. మైదానం నిండా పామాయిలు చెట్లు, కాలువ మాత్రం ఉన్నచోటే ఉంది. కోవెలకి ఎవరో కొత్త రంగు వేయించారు, పైన రేకులు మార్చారు. తమ్ముడు మోకాలు పట్టుకుని కుంటుకుంటూ, కోవెల మెట్టెక్కకుండా, నేరుగా చెట్ల మధ్యనుంచి కాలువ ఒడ్డుకి పోయి నిలబడ్డాడు. "ఏటి అక్కడ?" అని కేకేశాను. "రా, ఇటు రా," అన్నాడు. వెళ్ళాను.

"రెండో సగంలో నా చోటు ఇది," అన్నాడు. "బంతి ఇటు వచ్చీది కాదు. నువ్వు ఆ పక్కన కాచుకుంటా ఉండీవోడివి. నాకు పనేటి, కోవెల్లో దీపం సూసుకుంటా నిలబడీవోణ్ణి. మామ్మ దీపం ఎలిగించీది. ఎలగగానే దీపం మాయమైపోయీది. గుమ్మంలో మామ్మ అడ్డం నిలబడీది కదా, మరి."

"గుమ్మంలో ఎందుకు నిలబడేది?"

వాడు నన్ను వెర్రివాణ్ణి చూసినట్టు చూశాడు. "నీ ఆట సూడ్డానికి. నీకు తెల్దా? నువ్వు అటు పరిగెత్తితే అటు జరిగీది, దీపం ఇటు కనబడీది. ఇటొస్తే ఇటు జరిగీది. ఆట అయిపోయినట్టు ఈల ఏస్తే లోపలికెల్లి దణ్ణం ఎట్టుకుని, ఎనక దారిన ఇంటికి ఉరికీది, నీళ్ళు కాసీడానికి. పెతీ ఆదివారం. నాకు ఎంత కడుపుమంటో తెలుసా? నా ఆట కూకుని సూసీది, చుట్ట కాలుస్తా, ఊసులాడతా. నీ ఆటకి చుట్ట కూడా నేకుండా నిలబడీది."

"మరి నాతో ఎందుకు చెప్పలేదు? నేను అడిగాను కూడా," అన్నాను.

"ఏటని సెప్తాది?" అన్నాడు వాడు. "రాములోరికి ఈపు పెట్టి నిలబడి బంతాట సూసినానని సెప్తాదా?"

నేను కోవెల వైపు చూశాను. ఆ గుమ్మం తిన్నగా మైదానం వైపే. నేను ఆ గుమ్మానికి పది గజాల దూరంలో పరిగెత్తేవాణ్ణి, వీపు అటు, కళ్ళు బంతి మీద. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, తల తిప్పి ఉంటే చాలు. మడమతో గడప తడుముకుంటూ వెనక్కి నడిచే మనిషి, నా చెవి మెలిపెట్టిన మనిషి, ప్రతి ఆదివారం దేవుడికి వీపు చేసి నాకోసం నిలబడింది. అది చూసినవాడు మా తమ్ముడు. దూరపు వింగు మీద పనిలేక నిలబడి, దీపం కనబడటం, మాయమవడం చూస్తూ, వాడు చూశాడు.

లోపలికెళ్ళి దణ్ణం పెట్టుకున్నాం. వచ్చేటప్పుడు ఇద్దరం వెనక్కే నడిచాం, వాడు మోకాలి నొప్పికి నా చెయ్యి పట్టుకుని. కవిత ఫోటో తీసింది. కారెక్కాక, "మళ్ళీ చెప్పు," అన్నాను. "ఏటి?" అన్నాడు. "అటు పరిగెత్తితే ఏమయ్యేది?" అన్నాను. "అటు జరిగీది," అన్నాడు. "ఇటొస్తే?" "ఇటు జరిగీది." క్లాంగ్ చేరేదాకా మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నాను, వాడు విసుక్కోకుండా చెప్పాడు. వాడి ఇంగ్లండు వాడే ఉంచుకోనీ, ఆ క్లబ్బులూ, ఆ బొమ్మా, టీవీలో దిష్టీ, అన్నీ వాడికే ఇచ్చేశాను. నన్ను చూస్తూ నిలబడ్డ మా మామ్మని చూసింది కూడా వాడేనా అని మాత్రం, ఇది రాస్తున్న ఈ నిమిషం దాకా, నాకు ఒళ్ళు మండిపోతూనే ఉంది.